ఆర్నికా అంటే ఏ ఆర్నికా?

మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తాయి. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్ళందరికీ ఆ చోటు తెలుసు. మొక్కున్నవాళ్ళు అక్కడ మోకాళ్ళ మీదే ఎక్కుతారు. మా మేనత్తకూ అదే మొక్కు. అరవై దాటిన మనిషి, వద్దంటే వినే రకం కాదు. సగం దాకా బాగానే ఎక్కింది. తర్వాత చీర కుచ్చిళ్ళు అడ్డం పడి పక్కకు ఒరిగింది. మెట్టు అంచు సరిగ్గా మోకాలి కింద ఎముకకు తగిలింది. చర్మం చిట్లలేదు, చుక్క నెత్తురు బయటికి రాలేదు. కానీ ఇంటికొచ్చేసరికి అరచేయంత మేర నేరేడుపండు రంగులో కమిలింది.

మర్నాడు పొద్దున్నుంచి సలహాలు మొదలయ్యాయి. ఎదురింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు చక్కెర గోలీల సీసా పట్టుకొచ్చారు. "ఆర్నికా 200. నాలుగు గోలీలు నాలుక కింద పెట్టుకోమనండి." మా తమ్ముడు మెడికల్ షాపుకెళ్ళి ఒక ట్యూబు తెచ్చాడు, దాని మీదా ఆర్నికా అనే ఉంది. జుట్టు రాలుతోందని ఆర్నికా హెయిర్ ఆయిల్ వాడే పక్కింటమ్మాయి, "అదీ ఇదీ ఒకటే కదా, నా నూనె రాసేస్తే పోలా?" అంది. మా పిన్ని ఎర్రచందనం చెక్క కోసం అటక మీది డబ్బాలన్నీ దించింది. పాలాయన గుమ్మంలోంచే "పుత్తూరుకు పోండి సామీ, ఇంకేం ఆలోచన చేయొద్దండి" అని తీర్పిచ్చేశాడు. ఇంతమంది మధ్య కాలు చాపుకుని కూర్చున్న మా అత్త మాత్రం, "ఏమైతాది లే నాయనా, నాలుగు దినాలుంటే అదే పోతాది" అంది.

ఈ మొత్తం చర్చలో శాస్త్రానికి దగ్గరగా మాట్లాడింది మా అత్తే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మూడు సీసాల చిక్కు విప్పాలి. మాస్టారి గోలీ, తమ్ముడి ట్యూబు, పక్కింటమ్మాయి నూనె, మూడింటి మీదా ఒకటే పేరుంది. లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు.

అసలు మొక్క

ఆర్నికా మోంటానా అనేది యూరప్ కొండల మొక్క. మోంటానా అన్న లాటిన్ మాటకు అర్థమే కొండలది అని. ఆల్ప్స్ లాంటి చోట్ల పచ్చిక మైదానాల్లో, పులుపెక్కిన, సారం లేని నేలలో పెరుగుతుంది. నేల దగ్గర నాలుగాకులు పరుచుకుని, మధ్యలోంచి ఒక కాడ లేచి, దాని కొసన పసుపు, నారింజ కలిసిన పువ్వు పూస్తుంది. మన చామంతిని దువ్వెన పెట్టకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది చూడ్డానికి. రైతులు ఆ పచ్చికల్లో సున్నం చల్లి, ఎరువు వేసి నేల బాగుచేస్తే ఈ మొక్క అక్కడ ఉండదు. కొంత అలా పోయి, కొంత మందుల కోసం పీకేసి చాలాచోట్ల తగ్గిపోయింది. యూరోపియన్ యూనియన్ 1992లో తెచ్చిన ఆవాసాల రక్షణ ఆదేశంలో, కోతను అదుపులో పెట్టాల్సిన మొక్కల జాబితాలో ఇదీ ఉంది. మనకు ఎర్రచందనం ఎలాగో, వాళ్ళకు ఇది కొంచెం అలా. స్మగ్లర్లూ టాస్క్‌ఫోర్సూ లేరంతే.

జర్మన్లు దీన్ని ఫాల్‌క్రౌట్ అని కూడా అంటారు. పడినప్పుడు వాడే మొక్క అని అర్థం. వందల ఏళ్ళుగా అక్కడి పల్లెల్లో పువ్వులను సారాయిలో నానబెట్టి, ఆ రసాన్ని కమిలిన చోట, బెణికిన చోట రాసుకునేవాళ్ళు. రాసుకునేవాళ్ళు అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

ఇది శేషాచలం కొండల్లో దొరకదు. తిరుపతి ఎండకు బతకదు కూడా. మనకు సీసాల్లో, ట్యూబుల్లో రావాల్సిందే. కానీ దీని చుట్టాలు మాత్రం మన చుట్టూ ఉన్నాయి. ఇది పొద్దుతిరుగుడు కుటుంబం. చామంతి, బంతి, గట్ల మీద మొలిచే గడ్డిచామంతి, ఖాళీ స్థలం కనిపిస్తే చాలు ఆక్రమించే వయ్యారిభామ, అన్నీ ఒకే ఇంటిపేరు వాళ్ళు. ఈ చుట్టరికం వట్టి ముచ్చట కోసం చెప్పడం లేదు. దీనివల్ల ఒళ్ళు మండే సంగతి ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

ఆర్నికా పువ్వులో హెలెనాలిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది నిజంగా బలమైనది. శరీరంలో వాపును మొదలుపెట్టే ఒక స్విచ్ లాంటి ప్రోటీన్ ఉంది, శాస్త్రవేత్తలు ఎన్‌ఎఫ్ కప్పా బి అంటారు. హెలెనాలిన్ దాన్ని పట్టుకుని పనిచేయనివ్వదని ల్యాబుల్లో తేలింది. అంటే పల్లెటూరి వాడుకకు వెనకాల ఒక కారణం ఉంది, పూర్తిగా గాలిమాట కాదు. కానీ అదే హెలెనాలిన్ కడుపులోకి పోతే విషం. వాంతులు, విరేచనాలు, పేగుల్లో మంట, మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పడం దాకా వెళుతుంది. మొక్కను గానీ, దాని చిక్కటి సారాన్ని గానీ నోట్లోకి తీసుకోకూడదు.

మరి మాస్టారు నాలుక కింద పెట్టుకోమన్నారే?

టీఎంసీల లెక్క

ఇక్కడే కథ రెండు దారులుగా చీలింది. జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చాడు. ఒక పదార్థం ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో అదే లక్షణాలున్న రోగికి ఆ పదార్థమే మందు అన్నాడు. విషాన్ని విషంగానే ఇస్తే మనిషి పోతాడు కాబట్టి పలచన చేయాలన్నాడు. అలా పలచన చేసి, ప్రతిసారీ గట్టిగా కుదిపితే మందు శక్తి పెరుగుతుందని హోమియో నమ్మకం. ఆర్నికా ఆ పద్ధతిలోకి చాలా తొందరగా వెళ్ళిపోయింది. ఇవాళ మన ఊళ్ళలో హోమియో మందుల్లో ఒక్క పేరు చెప్పమంటే చాలామంది నోట వచ్చేది ఇదే.

సీసా మీద 30 అనో 200 అనో ఉంటుంది. చాలామంది అది మిల్లీగ్రాములనుకుంటారు, పారాసెటమాల్ 500 లాగ. కాదు. అది ఎన్నిసార్లు పలచన చేశారో చెప్పే అంకె. ఒక వంతు సారం, తొంభైతొమ్మిది వంతుల ద్రవం కలిపితే 1సి. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ తొంభైతొమ్మిది వంతుల్లో కలిపితే 2సి. ఇలా 200 సార్లు చేస్తే 200. అంకె పెరిగేకొద్దీ పదార్థం తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో నీళ్ళతో చూద్దాం, మన ఊరికి ఆ లెక్క బాగా అర్థమవుతుంది. 4సి అంటే, పదివేల లీటర్ల ట్యాంకర్లు పది నింపి, వాటన్నిటిలో కలిపి ఒక్క మిల్లీలీటరు సారం వేసినట్టు. 7సి అంటే మూడున్నర టీఎంసీలలో ఒక మిల్లీలీటరు. 8సి అంటే 350 టీఎంసీలు దాటిపోతుంది, నిండు నాగార్జునసాగర్ 312 టీఎంసీలే. 12సి దగ్గరికి వచ్చేసరికి భూమ్మీద సముద్రాలన్నిటిలో కలిపి ఒక మిల్లీలీటరు. అక్కడికి అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం పోతుంది. ఇంటర్‌లో అవగాడ్రో సంఖ్య బట్టీపట్టాం కదా, 6.022 ఇంటూ 10 టు ది పవర్ 23. అది ఇన్నాళ్ళకు ఇక్కడ పనికొచ్చింది. 12 దగ్గరే సముద్రాలు అయిపోతే, 30 ఎక్కడ, 200 ఎక్కడ? 200సి అంటే ఒకటి పక్కన 400 సున్నాలు పెట్టి, అన్ని వంతుల్లో ఒక వంతు. మనకు కనిపించే విశ్వం మొత్తంలో ఉన్న పరమాణువులను లెక్కపెట్టినా సుమారు 80 సున్నాలే.

అంటే మాస్టారి గోలీ మింగితే హెలెనాలిన్ విషం ఎక్కదు. భయం అక్కర్లేదు. ఎక్కకపోవడానికి కారణం, అందులో ఆర్నికా లేకపోవడమే. దాన్ని మందుగా వాడొద్దనడానికి కారణం కూడా అదే.

నేను ఈ లెక్కంతా కాగితం మీద వేసి మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కో మెట్టూ చూశారు. ఒకచోట నేను తప్పేసిన సున్నా దిద్దారు. "లెక్క కరెక్టే," అన్నారు. "కానీ మొన్న బాత్రూంలో జారినప్పుడు నాకు తగ్గింది కదా?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మందు సీసాలో దొరకదు, కమిలిన చర్మంలో దొరుకుతుంది.

కమిలిన చోట జరిగేది

మూగదెబ్బ తగిలినప్పుడు చర్మం కింద ఉన్న వెంట్రుకల్లాంటి రక్తనాళాలు చిట్లుతాయి. నెత్తురు బయటికి రావడానికి దారి లేక కండలోకి, కొవ్వులోకి ఇంకుతుంది. మొదట ఎర్రగా ఉంటుంది. ప్రాణవాయువు పోయేకొద్దీ నీలం, ఊదా, నలుపు. తర్వాత శరీరం పారిశుధ్య పనికి దిగుతుంది. కొన్ని తెల్లకణాలు వచ్చి, చెదిరిన ఎర్రకణాలను మింగి, వాటికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థాన్ని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లో మొదటిది బిలివెర్డిన్, అది ఆకుపచ్చ. దాన్నుంచి వచ్చేది బిలిరుబిన్, అది పసుపు. పచ్చకామెర్లలో కళ్ళను పచ్చబరిచేది ఈ బిలిరుబినే. చివరికి ఇనుము మిగిలిన చోట కొంచెం గోధుమ రంగు మచ్చ ఉండి, అదీ పోతుంది. మామూలు దెబ్బకు ఈ నాటకమంతా రెండు వారాల్లో ముగుస్తుంది. వయసు మళ్ళినవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

ఒక్కోసారి దెబ్బ ఒకచోట తగిలితే మరక ఇంకోచోట తేలుతుంది. మా అత్తకు మూడో రోజు చీలమండ దగ్గర నల్లబడింది. ఇంట్లో అందరూ టెన్షన్ పడ్డారు, లోపల ఇంకేదో విరిగిందని. ఏమీ లేదు, నెత్తురు కూడా నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెడితే ఈ జారుడూ తగ్గుతుంది, వాపూ తగ్గుతుంది.

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వద్దాం. మూగదెబ్బ అనేది తనంతట తాను తగ్గిపోయే జబ్బు. మొదటి రెండు మూడు రోజులు చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే మనం మందు మొదలుపెడతాం. ఆ తర్వాత ప్రతిరోజూ నిన్నటికంటే ఇవాళ బాగుంటుంది. ఆ రోజుల్లో గోలీ వేసుకున్నా, ట్యూబు రాసినా, పట్టు వేసినా, విభూతి పెట్టినా, ఘనత దానికే పోతుంది. ఇలాంటి జబ్బుకు ప్రతి మందూ పనిచేసినట్టే కనిపిస్తుంది. అందుకే ఒక మనిషి అనుభవం ఎంత నిజాయితీదైనా ఇక్కడ సాక్ష్యంగా నిలబడదు. ఒకే రకం దెబ్బ ఉన్న కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో వాళ్ళకే తెలియకుండా చూస్తేనే తేలుతుంది.

అలా చూశారు కూడా. ఇంగ్లండ్‌లో మణికట్టు దగ్గర ఒకే రకం ఆపరేషన్ చేయించుకున్న 64 మందిని మూడు గుంపులుగా చేసి, ఒకరికి ఆర్నికా 30సి, ఒకరికి 6సి, ఒకరికి వట్టి గోలీలు ఇచ్చారు. 2003లో ఫలితాలు వచ్చాయి. నొప్పిలో గానీ, కమిలిన తీరులో గానీ, వాపులో గానీ మూడు గుంపులకూ తేడా లేదు. అంతకుముందే, 1998లో, అప్పటిదాకా జరిగిన హోమియో ఆర్నికా పరీక్షలన్నిటినీ కలిపి చూసినవాళ్ళు కూడా ఉత్తుత్తి మందును మించిన ఫలితం ఉందని చెప్పడానికి ఆధారం లేదన్నారు. దీని మీద నా అభిప్రాయం దాచుకోను. గోలీల విషయంలో వివాదం ముగిసిందనే నేననుకుంటాను.

ట్యూబు సంగతి వేరు

తమ్ముడు తెచ్చిన జెల్‌లో మాత్రం మొక్క సారం ఉంటుంది. మదర్ టింక్చర్ అనే చిక్కటి సారాన్ని కలిపి చేస్తారు. తయారుచేసేది హోమియో కంపెనీ అయినా, ఇది పలచన చేసిన గోలీల లాంటిది కాదు. కాబట్టి దీన్ని గోలీలతో కలిపి కొట్టిపారేయడం తప్పు. గోలీలు పనిచేయవని తేలింది కాబట్టి ట్యూబూ దండగే అనడం ఎంత తప్పో, ట్యూబు మీద వచ్చిన మంచి ఫలితం చూపించి గోలీలు అమ్మడం అంతకంటే పెద్ద తప్పు. రెండోది ఎక్కువగా జరుగుతూ ఉంటుంది.

ట్యూబు మీద పరీక్షలు ఏం చెబుతాయంటే, కొంచెం అటూ కొంచెం ఇటూ. 2010లో ఒక చిన్న పరీక్షలో లేజర్‌తో కావాలనే చర్మాన్ని కమిలించి చూశారు. అందులో 20 శాతం ఆర్నికా ఉన్న లేపనం రాసిన చోట మరక కొంచెం తొందరగా తగ్గింది. అయితే ఉన్నది 16 మందే. అలాంటిదే ఇంకో పాత పరీక్షలో తేడా కనపడలేదు. వేళ్ళ కీళ్ళనొప్పులున్న 204 మంది మీద చేసిన 2007 నాటి పరీక్షలో, ఆర్నికా జెల్ మూడు వారాల్లో ఐబుప్రోఫెన్ జెల్‌తో సమానంగా పనిచేసింది. అది కీళ్ళనొప్పి, మన మూగదెబ్బ కాదు. అయినా మొక్క సారంలో పస ఉందనడానికి ఇప్పటికి ఉన్న వాటిలో మంచి ఆధారం అదే.

కొండెక్కేవాళ్ళకు పనికొచ్చే పరీక్ష ఇంకొకటుంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. ఎక్కిన రోజు ఏమీ అనిపించదు. మర్నాడు, ఆ పై రోజు పిక్కలు రాళ్ళలా బిగుసుకుని, కూర్చుంటే లేవలేం. నడిచి దిగినవాళ్ళకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే దిగేటప్పుడు కండ సాగుతూనే బరువు మోస్తుంది, దానివల్ల కండ పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. చాలామంది దీనికీ ఆర్నికా రాస్తారు. అమెరికాలో 53 మందితో పిక్కల వ్యాయామం చేయించి, ఒక కాలికి ఆర్నికా, ఒక కాలికి ఉత్తుత్తి లేపనం రాసి చూశారు. మర్నాటికి ఆర్నికా రాసిన కాలే ఎక్కువ నొప్పెట్టింది. 2010లో వచ్చిన ఈ ఫలితం చదివి నేను నవ్వుకున్నాను, ఎందుకంటే గత ఏడాది నేనూ శ్రద్ధగా రెండు పిక్కలకూ రాసుకున్నాను.

జెల్ వాడాలనుకుంటే చర్మం చిట్లని చోటే రాయాలి. గాయం ఉంటే, గీరుకుపోయి ఉంటే వద్దు. నోరు, కళ్ళ దగ్గర వద్దు. ఇంట్లో మదర్ టింక్చర్ సీసా ఉంటే, దాని మీద క్యూ అనే అక్షరం ఉంటుంది, అది చిక్కటిది. నీళ్ళలో పది చుక్కలు వేసుకు తాగు అని ఎవరైనా చెబితే వినొద్దు. పైన చెప్పిన విషం అందులో నిజంగానే ఉంటుంది.

ఇక ఆ చుట్టరికం. వయ్యారిభామ తగిలితే చాలామందికి దద్దుర్లు, దురద వస్తాయి, మన దగ్గర ఇది బాగా తెలిసిన బాధే. దానికి కారణమైన పార్థెనిన్, ఆర్నికాలోని హెలెనాలిన్ రసాయనంగా ఒకే జాతివి. ఒకదాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకున్న చర్మం రెండోదాన్నీ అలాగే చూసే అవకాశం ఉంది. చామంతి, బంతి తోటల్లో పనిచేసేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. కుప్పం, పలమనేరు వైపు పూలు కోసే చేతులు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. వయ్యారిభామ పడనివాళ్ళు, చామంతి తగిలితే దురద పెట్టేవాళ్ళు ఆర్నికా జెల్‌ను ముందు ముంజేతి మీద చిటికెడంత రాసి, ఒక రోజు ఆగి చూసుకోవాలి. దెబ్బ మీద దద్దుర్లు కూడా వస్తే రెండు బాధలు.

హెయిర్ ఆయిల్ విషయం రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. అందులో ఆర్నికాతో పాటు ఇంకా నాలుగైదు సారాలు, నూనెలు, సువాసనలు ఉంటాయి. దెబ్బల కోసం చేసింది కాదు. తలనీలాలు ఇచ్చే ఊళ్ళో తలవెంట్రుకల కోసం ఇన్ని నూనెలు అమ్ముడుపోవడం నాకెప్పుడూ వింతే, అది వేరే సంగతి.

మన అటక మీది మందులు

పిన్నికి చివరికి ఎర్రచందనం ముక్క దొరికింది. ఎప్పటిదో, ఒక పాత బొమ్మ విరిగిన చెయ్యి. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీస్తే ముదురు ఎరుపు గంధం వస్తుంది. ఆయుర్వేదంలో దీని పేరు రక్తచందనం, వాపు మీద పట్టుగా వాడతారు. ప్రపంచంలో సహజంగా ఈ చెట్టుండేది మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. తడి గంధం పట్టు చల్లగా ఉంటుంది, ఆరేకొద్దీ వేడిని లాగుతుంది. దెబ్బ తగిలిన మొదటి రోజు కావాల్సింది సరిగ్గా ఆ చల్లదనమే. పైగా పట్టు వేసుకున్న మనిషి అది రాలిపోతుందని కాలు కదపకుండా కూర్చుంటుంది. ఆ విశ్రాంతి కూడా మందే.

చల్లటి పట్లకు నేను అడ్డు చెప్పను. వేడి వాటితోనే పేచీ. ఉప్పు, చింతపండు ఉడికించి వేడివేడిగా వేసే పట్టు, వావిలాకు కాపడం, వేడి చేసిన ముసాంబ్రం, ఇవన్నీ మనకు అలవాటు. మొదటి రెండు రోజులు వేడి తగిలితే చిట్లిన నాళాలు ఇంకా విచ్చుకుని నెత్తురు ఎక్కువ కారుతుంది. రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత వావిలాకు కాపడం పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. పసుపు, సున్నం కలిపి రాసేవాళ్ళు సున్నం మీద ఓ కన్నేయాలి. ఘాటు ఎక్కువైతే చర్మం కాలుతుంది. కమిలిన మరక పోయినా కాలిన మచ్చ ఉండిపోతుంది.

గడ్డిచామంతి గురించి ఒక పొరపాటు తరచూ చూస్తుంటాను. పల్లెల్లో దాన్ని గాయపాకు అంటారు, తెగిన గాయానికి పసరు పిండుతారు. ఆర్నికా చుట్టమే కాబట్టి దీన్ని మన ఆర్నికా అని కొందరు రాసేస్తున్నారు. కుటుంబం ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. ఒకటి తెగిన గాయానికి, ఇంకొకటి తెగని దెబ్బకు, వాడుకే తలకిందులు.

నూనె రాసి గట్టిగా నీవడం మాత్రం వద్దే వద్దు. కమిలిన చోట మర్దన చేస్తే ఆగిన నెత్తురు మళ్ళీ కారుతుంది. మోచేతికి దెబ్బ తగిలినప్పుడు ఇలా నీవితే, కండలో ఎముక లాంటి గట్టి పదార్థం పేరుకుపోయి చెయ్యి చాచలేని పరిస్థితి రావచ్చు. ఎముకల డాక్టర్లు మన దగ్గర తరచూ చూసే కేసు ఇది.

పుత్తూరు మాటకొస్తే, అది ఎముకల వైద్యం, కమిలిన చర్మానిది కాదు. పుత్తూరు పక్కన రాచపాళ్యంలో తరతరాలుగా వేస్తున్న కట్టు అది. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. ఎముక విరిగిందో లేదో ముందు ఎక్స్‌రేలో చూసుకోకుండా ఏ కట్టుకూ కాలు ఇవ్వకూడదు. కట్టు వేశాక వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ కట్టు అప్పటికప్పుడు విప్పించాలి. రక్తం ఆడని కాలు గంటల్లో పాడవుతుంది. ఇది పుత్తూరు కట్టుకే కాదు, ఆస్పత్రిలో వేసే సిమెంటు కట్టుకూ వర్తిస్తుంది.

గోలీ, ట్యూబు, గంధం ఏదీ పనికిరాని చోటు

గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు మనిళ్ళలో ఇప్పుడు చాలామంది. వాళ్ళకు చిన్న దెబ్బకే పెద్ద మరక వస్తుంది. తలకు దెబ్బ తగిలితే మరక ఉన్నా లేకున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, లోపలి రక్తస్రావం గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. కాలు రాయిలా బిగిసి, నొప్పి దెబ్బకు మించి పెరుగుతుంటే ఆగొద్దు. కాలు మీద బరువు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

ఇంకొకటి, వానాకాలంలో మన ఊళ్ళకు మరీ ముఖ్యం. ఏ దెబ్బా తగలకుండా ఒంటి మీద మరకలు వస్తున్నాయి, జ్వరం ఉంది లేదా ఇప్పుడే తగ్గింది అంటే ప్లేట్‌లెట్లు చూపించుకోవాలి. డెంగీలో జ్వరం తగ్గినప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. దానికి ఆర్నికా రాసుకుంటూ కూర్చుంటే చెయ్యిదాటిపోతుంది.

మా అత్త ఎక్స్‌రేలో ఏమీ లేదు. మొదటి రెండు రోజులు ఐసు పెట్టాం, మధ్యమధ్యలో పిన్ని సంతోషం కోసం గంధం. మాస్టారి గోలీలు ఆయన ఎదురుగా నాలుగు వేసుకుంది, మొహమాటానికి. తమ్ముడి ట్యూబు విప్పలేదు. ఆమె చేతులకు చామంతి పడదు, పూలు కట్టేటప్పుడు దద్దుర్లు వస్తాయి. ఐదో రోజు మరక అంచులు ఆకుపచ్చగా మారాయి. పదో రోజుకు మొత్తం పసుపు.

ఆ పసుపు చూసి మా అత్త మురిసిపోయింది. రోజూ స్నానమప్పుడు ఎవరికీ చెప్పకుండా కాలికి పసుపు రాసుకుంటోందట. "చూస్తివా నాయనా, పసుపు ఎట్ల లోపలికి దిగిందో!" అంది. బిలిరుబిన్ గురించి చెప్పబోయాను. ఆమె అప్పటికే లేచి, మెట్లెక్కి మేడ మీదికి వడియాలు తియ్యడానికి వెళ్ళిపోయింది.